దొంగ మీద ఎత్తిన చెయ్యి

నాకు తెలుగు రాయడం నేర్పింది యానాం. పుట్టింది, పెరిగింది పుదుచ్చేరి కోసపాళయంలో. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళం గానీ, అది గోడలు దాటి బయటికి వచ్చేది కాదు. బడిలో తమిళం, స్టేషన్లో తమిళం, ఇంగ్లీషు. కానిస్టేబుల్‌గా యానాం బదిలీ అయినప్పుడు, అక్కడ ఫిర్యాదు రాసుకోవాలంటే తెలుగు అక్షరాలు రావాలి. స్టేషన్ ఎదురుగా కిరాణా కొట్టు నడిపే ఒక పెద్దావిడ, బేరాలు లేని మధ్యాహ్నాల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించింది. ఈ నాలుగు ముక్కలు ఇవాళ రాయగలుగుతున్నానంటే ఆవిడ చలవే.

ఇప్పుడు మా ఇంటి మేడ మీద యానాం నుంచి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు అద్దెకుంటున్నారు. ఇద్దరూ కొత్తగా పోలీసు ఉద్యోగంలో చేరారు. మొన్నొక సాయంత్రం కాఫీ తాగుతుంటే, ఫోన్లో ఏదో వీడియో చూసి ఒకమ్మాయి అడిగింది: "మేడం, ఇంట్లోకి దొంగ వస్తే చంపేయొచ్చా? వీళ్ళందరూ చంపొచ్చనే అంటున్నారు."

"కొన్నిసార్లు చంపినా తప్పు కాదు. చాలాసార్లు తప్పే" అన్నాను.

"ఎప్పుడు ఏదో ఎట్లా తెలుస్తుంది?"

నోటితో చెప్పబోతే మాట ఎటో వెళ్ళిపోయింది. అందుకే రాస్తున్నాను. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అనేవి ఇందులో ఉండవు. అవి నాకే విసుగు.

తుపాకీ మీద చెయ్యి

నా మొదటి ఇన్‌స్పెక్టర్ జి. తంగవేలు. మేమంతా అయ్యా అనేవాళ్ళం. పొట్టి మనిషి. గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. నేను చేరిన కొత్తలో ఒకరోజు పుదుచ్చేరి బీచ్ రోడ్డులో బందోబస్తు. మాతో రైఫిల్ పట్టుకున్న కానిస్టేబుల్ ఒకాయన ఉన్నాడు. పట్టపగలు, మా కళ్ళ ముందే ఒకడు ఆగి ఉన్న మోటార్‌సైకిల్ ఎక్కి ఉడాయించాడు. బండి యజమాని "తిరుడన్, తిరుడన్" అని అరుస్తూ వెంటపడ్డాడు. తిరుడన్ అంటే దొంగ. మా కానిస్టేబుల్ రైఫిల్ భుజానికి ఎత్తాడు. అయ్యా తన అరచెయ్యి ఆ గొట్టం మీద పెట్టి మెల్లగా కిందికి దించాడు.

"పోతున్నాడయ్యా!"

"పోనీ."

బండి సందు తిరిగిపోయింది. యజమాని వచ్చి మా మీద విరుచుకుపడ్డాడు. ఆయన ఊళ్ళో పలుకుబడి ఉన్న వ్యాపారి. "చేతిలో తుపాకీ పెట్టుకుని వేడుక చూస్తా నిలబడ్డారా?" అన్నాడు.

"వెతికి పట్టుకుంటాం సార్" అన్నాడు అయ్యా.

తరువాత జీపులో మాకు చెప్పాడు. దొంగను పట్టుకోవడానికి ఎంత బలం అవసరమో అంత వాడే అధికారం మనకుంది. కానీ ఉరిశిక్షో యావజ్జీవమో పడే నేరం కానప్పుడు, కేవలం పట్టుకోవడం కోసమని మనిషిని చంపే అధికారం చట్టం ఎవరికీ ఇవ్వలేదు. అది చెప్పి, ఆయన పద్ధతిలో ఇంకో మాట అన్నాడు. "దొంగ పారిపోతున్నాడంటే నీకు అపాయం తగ్గుతోందని లెక్క. అపాయం తగ్గేకొద్దీ నీ చెయ్యి కూడా కిందికి రావాలి. చాలామందికి అప్పుడే పైకి లేస్తుంది."

పై అధికారుల దగ్గర ఆయనకు అక్షింతలు పడ్డాయి. కొన్నాళ్ళకు పక్క జిల్లాలో బండి దొరికింది, వెనకాలే మనిషీ దొరికాడు. వ్యాపారి స్టేషన్‌కి మిఠాయి డబ్బా పంపాడు. అయ్యా అందరికీ తలా ఒకటి ఇచ్చి, ఆ రైఫిల్ కానిస్టేబుల్‌కు మాత్రం రెండు ఇచ్చాడు. ఆయన సిగ్గుపడుతూనే రెండూ తిన్నాడు. నా సర్వీసు మొత్తంలో ఒక్క గుండు కూడా మనిషి మీద పేల్చకుండా రిటైరయ్యాను. దానికి పునాది ఆ రోజే పడింది.

ధనమ్మక్క

తరువాత కొన్నేళ్ళకు మా కోసపాళయంలోనే జరిగింది ఇది. ధనమ్మక్క మాకు రెండు వీధుల అవతల ఉండేది. ఇంటి ముందుగదిలోనే బట్టలు ఇస్త్రీ చేసి బతికేది. బొగ్గులు వేసే పాతకాలం ఇస్త్రీ పెట్టె, ఎత్తాలంటే మణికట్టు నొప్పి పుట్టేంత బరువు.

జోరున వాన కురుస్తున్న మధ్యాహ్నం. వీధిలో మనుషులు లేరు. చేతిలో బట్టల మూటతో ఒకడు వచ్చాడు. బేరమనుకుని లోపలికి రానిచ్చింది. వాడు తలుపేసి గడియ పెట్టి, మూటలోంచి కత్తి తీశాడు. కమ్మలు అడిగితే తీసి ఇచ్చేసింది. తాళి గొలుసు అడిగాడు. దాని కొక్కెం ఊడి రాలేదు. వాడు పట్టి లాగాడు. అది తెగలేదు. ఆమె ముంజేతి మీద కత్తి దింపి, మళ్ళీ ఎత్తాడు. వెనక గోడ. ముందు వాడు. చేతికి అందిన ఇస్త్రీ పెట్టె పట్టుకుని ఒక్కసారి విసురుగా కొట్టింది. నుదుటి పక్కన తగిలి పడిపోయాడు.

ఆమె గడియ తీసి, వానలోకి పరుగెత్తి అరిచిందట: "ఎవరైనా రండి, ఆటో పిలవండి, వీణ్ణి ఆస్పత్రికి తీసుకుపోండి!" దారిలోనే వాడు చనిపోయాడు.

మేము వెళ్ళేసరికి ఆమె గుమ్మంలో తడిసి కూర్చుని ఉంది. అయ్యా ముందు ఆమె చేతికి కట్టు కట్టించమన్నాడు. తరువాత గదంతా నెమ్మదిగా చూశాడు. తలుపుకు లోపలి గడియ ఒక్కటే. బయటికి వేరే దారి లేదు. దెబ్బ ముందువైపు, అదీ ఒక్కటే. తరువాత ఆమె చేసిన మొదటి పని సాయం కోసం పరుగెత్తడం.

పై నుంచి ఫోన్ వచ్చింది. మనిషి చచ్చిపోయాడు గదా, ఆమెను అరెస్టు చేసి రిమాండ్‌కి పంపు, మిగతాది కోర్టు చూసుకుంటుంది అన్నారు. అరెస్టు చేస్తే మన నెత్తి మీదికి ఏమీ రాదు, చెయ్యకపోతే ప్రశ్నలొస్తాయి, అదీ వాళ్ళ లెక్క. అయ్యా నిలబడే మాట్లాడాడు.

"ఇది దోపిడీ సార్. కత్తి పెట్టి దోచుకునేవాణ్ణి ఆపేటప్పుడు ప్రాణం పోయినా నేరం కాదని చట్టమే చెబుతోంది. చట్టం ఇచ్చిన హక్కు వాడుకున్నందుకు ఆడమనిషిని నేను జైలుకు పంపలేను. మీరు కాగితం మీద రాసి ఆదేశమివ్వండి, పాటిస్తాను."

అవతల ఫోన్ పెట్టేశారు. కాగితం రాలేదు. కేసు పెట్టాం, దర్యాప్తు చేశాం, ఆత్మరక్షణ అని తేల్చి కోర్టుకు నివేదించాం. మేజిస్ట్రేటు ఒప్పుకున్నారు. ధనమ్మక్క ఒక్క రోజు కూడా లాకప్‌లో ఉండలేదు.

అయితే నేను నేర్చుకున్నది అక్కడితో ఆగలేదు. రెండో రోజు వార్డు నాయకుడొకడు శాలువా, పూలమాల, ఫోటోగ్రాఫరుతో దిగాడు. వీరనారికి సన్మానమట. అయ్యా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఈ గడప దాటితే నిన్ను లోపలేస్తా" అన్నాడు. నాయకుడు నవ్వబోయి, అయ్యా ముఖం చూసి మానుకున్నాడు.

చచ్చిపోయినవాడి అన్న కూడా వచ్చాడు. గొడవకు వచ్చినవాణ్ణి అయ్యా కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ మనిషి గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు ఏడ్చి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ధనమ్మక్క నన్ను అడిగింది: "వసంతా, నేను మనిషిని చంపినానా?"

కాదక్కా అందామనుకున్నాను. పక్కనే ఉన్న అయ్యా జవాబు చెప్పాడు. "నీ ప్రాణం కాపాడుకున్నావమ్మా. వాడి ప్రాణం పోయింది. రెండూ జరిగాయి. నీ తప్పు లేదు."

ఆమె తల ఊపింది. ఏమీ జరగలేదని చెప్పుంటే ఆమె నమ్మేది కాదని నాకు తరువాత అర్థమైంది. ఇస్త్రీ మానేసి పూలు కట్టి అమ్ముకోవడం మొదలుపెట్టింది. మా ఇంట్లో ఏ శుభకార్యమైనా మల్లెపూలు ఆమె దగ్గర నుంచే వస్తాయి.

మూలకుళం ఇల్లు

నేను సబ్ ఇన్‌స్పెక్టర్‌ని అయ్యేసరికి తంగవేలు అయ్యా రిటైరైపోయాడు. కొత్త ఇన్‌స్పెక్టర్ పేరు అరుళ్, నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. ఒక మధ్యాహ్నం ఊరి శివారు మూలకుళం నుంచి ఫోన్ వచ్చింది, దొంగను కొట్టారని.

మేము వెళ్ళేసరికి వీధంతా పండగలా ఉంది. ఇంటి యజమాని కె. గోవిందస్వామి, మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డపార పక్కన ఆనించి ఉంది. కుర్రాళ్ళు ఆయనతో ఫోటోలు తీసుకుంటున్నారు. మాతో వచ్చిన కానిస్టేబుల్ కూడా ఆయన భుజం తట్టాడు. దొంగను అప్పటికే అంబులెన్సులో తీసుకుపోయారు. కుమార్ అని, ఇళ్ళకు రంగులేసే మనిషి, పాతిక దాటని వయసు.

గోవిందస్వామి లోపలికి తిరిగి భార్యను తెలుగులో పిలవడం విని, "మీరు తెలుగోళ్ళా?" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. మా నాన్న కూడా మిల్లు మనిషేనని తెలిశాక నేను ఆయనకు పాపనైపోయాను, ఆయన నాకు మామ.

"అన్నం తిని పడుకున్నా పాపా. లోపల చప్పుడైతే లేచిపోయి చూస్తే, బీరువా దగ్గర ఉండాడు. సంచీలో మా సరోజ నగలు, వెండి దీపాలు. ఏయ్ అన్నా. కత్తి తీసినాడు. గడ్డపార తీసుకుని కొట్టినా. ఇంట్లోకొచ్చినోడికి కాఫీ ఇస్తారా ఏంది?"

కత్తి పెరట్లో బట్టలుతికే రాయి దగ్గర పడి ఉంది. నగల సంచి పెరటి మధ్యలో ఉంది. రక్తం ఇంకా అవతల, వెనకగోడ మొదట్లో ఉంది.

సరోజత్త నాకు మంచినీళ్ళు ఇవ్వడానికి వంటింట్లోకి వెళ్తే వెనకే వెళ్ళాను. గరిటెల పిడులకు, చేతికి కాలకుండా, పాత ఊదారంగు చీర ముక్క చుట్టి ఉంది. పెరట్లో పడి ఉన్న కత్తి పిడికీ అదే గుడ్డ. నేను ఆమె వైపు చూశాను. ఆమె చెంబు వైపు చూసింది.

ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు, దెబ్బ తల వెనక తగిలిందని. మర్నాడు పొద్దున కుమార్ చనిపోయాడు.

అరుళ్ సార్ అన్నాడు: "అక్కా, దొంగ ఉన్నాడు, నగలున్నాయి, కత్తి ఉంది. వీధి మొత్తం ఆయన పక్కే. ఆత్మరక్షణ అని ముగించేద్దాం."

"దెబ్బ వెనక ఉంది సార్. కత్తి ఆ ఇంటిదే అనిపిస్తోంది."

ఆయన అప్పటికే పెన్ను మూసేశాడు. అభిప్రాయం మార్చుకోనక్కరలేని కుర్చీలో కూర్చున్నాడు ఆయన. నన్ను నోరు మూసుకోమని ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. "మీరే వెళ్ళి ఆవిడతో మాట్లాడండి. తొందరపెట్టొద్దు" అన్నాడు, పెన్ను మళ్ళీ తెరిచి.

సరోజత్త చెప్పింది

వెళ్ళేసరికి పొయ్యి వెలగలేదు. ఆమె వంటింటి గడప మీద కూర్చుని ఉంది. మామ స్టేషన్‌లో ఉన్నాడు. నేనూ నేల మీద కూర్చున్నాను.

"పోయినాడంట గదా" అంది.

"పోయినాడు అత్తా."

"పావం" అంది. తమిళంలో అయ్యో పాపం అనడం అది. "పేరేంది?"

"కుమార్."

చీర కొంగు మడతపెట్టింది, విప్పింది. తరువాత తనే అడిగింది: "నిజం చెప్తే ఆయన్ని లోపలేస్తారా?"

లేదని చెబితే ఆమె అప్పుడే చెప్పేసేది. "వేస్తారు అత్తా. ఎన్నాళ్ళో నాకు తెలీదు. అది జడ్జి చూస్తారు" అన్నాను.

"ఆ కత్తి మాదే పాపా." గొంతు చాలా చిన్నగా వచ్చింది. "ఏయ్ అనంగానే వాడు సంచి పట్టుకుని పెరట్లోకి పరిగెత్తె. ఈయన గడ్డపార తీసుకుని వెంటపడె. దాన్ని చూసి వాడు సంచి పారేసినాడు. పారేసి గోడ ఎక్కతా ఉండాడు. ఒక కాలు పైన పెట్టినాడు. ఈయన వెనక నుంచి... వద్దు వద్దు అని నేను అరస్తానే ఉండా. పడినంక వాడు నన్ను చూసి తన్నీ, తన్నీ అన్నాడు. నీళ్ళు తెద్దామని లోపలికి పోతే, ఈయన కత్తి తెచ్చి ఆడ పెట్టు అన్నాడు. పెట్టినా. నీళ్ళు తెచ్చేలోపల వాడికి తెలివి పోయింది."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అదే మాట స్టేషన్‌కు వచ్చి చెబుతావా అని అడిగితే, చెప్పులు వేసుకుని నాకంటే ముందు నడిచింది.

మామకు ఆ సంగతి నేనే చెప్పాను. ఆయన బల్ల మీద చేత్తో కొట్టాడు. "నా ఇంట్లో దొంగతనానికి వచ్చింది వాడు. జైలుకు పోయేది నేనా? ఇదేం న్యాయం పాపా?"

"మామా, వాడు గదిలో ఉన్నప్పుడు మీరు కొట్టుంటే చట్టం మీ పక్కనే. నిజంగా కత్తి తీసి మీ మీదికొచ్చుంటే, వాడి ప్రాణం పోయినా మీ పక్కనే. సంచితో పరిగెత్తేటప్పుడు పట్టుకుని లాగొచ్చు, సంచి దక్కించుకునేదానికి కొట్టొచ్చు, చంపకూడదు. సంచి పారేసినాక ఇంక దేనికోసం కొట్టినారు?"

ఆయన కోపం మెల్లగా దిగిపోయి, ముఖం ముసలిదైపోయింది.

"ఆ సంచి నాకు కనబడలేదు పాపా. వాడి వీపే కనబడింది."

తరువాత కోర్టులోనూ ఆయన అదే చెప్పాడు. కత్తి అబద్ధమని తనే ఒప్పుకున్నాడు. సరోజత్తను తడబడేలా చేసి, సరిగ్గా చూడలేదని అనిపించడానికి ఆయన వకీలు ప్రయత్నిస్తే, మామే లేచి "ఆమెను వదిలేయండి సార్" అన్నాడు. కావాలని పథకం వేసి చేసిన హత్య కాదు, ఆస్తి కాపాడుకునే హక్కుతో మొదలై ఆ హక్కు దాటి పోయింది అని జడ్జి తీర్పు చెప్పారు. హత్య కంటే తక్కువ నేరం కింద కొన్నేళ్ళ శిక్ష పడింది. కత్తి పెట్టినందుకు ఆమె మీద కేసు పెట్టకుండా సాక్షిగా తీసుకున్నారు. వీధిలో కొందరు నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. సొంత మనిషని కూడా చూడలేదే అన్నారు మా చుట్టాలు.

మేడ మీది అమ్మాయిలకు

ఇప్పుడు చట్టాల పేర్లు మారాయి, సెక్షన్ల నంబర్లు మారాయి. ఈ గీత మాత్రం ఉన్నచోటే ఉంది. దోపిడీ, ఇంటికి నిప్పు పెట్టడం, చీకటి పడ్డాక ఇల్లు పగలగొట్టి చొరబడడం, లేదా దొంగతనమే అయినా ఎదురుగా ఉన్నవాళ్ళకు ప్రాణభయం నిజంగా కలగడం, ఇలాంటప్పుడే ప్రాణం తీసేదాకా వెళ్ళే హక్కు ఉంటుంది. వట్టి దొంగతనానికి లేదు. ఉన్నచోట కూడా అవసరానికి మించి లేదు, అపాయం అయిపోయాక అసలే లేదు.

నా సొంత అభిప్రాయం అడిగితే, ఈ గీత సరైనచోటే గీశారు. కత్తికి ఎదురుగా నిలబడ్డ మనిషిని, నువ్వు ఒక దెబ్బ తక్కువ కొట్టాల్సింది అని మనం ఏసీ గదిలో కూర్చుని చెప్పకూడదు. అలాగని నగలు పోయిన కోపాన్ని ప్రాణభయం అని పేరు మార్చి రాయకూడదు. మీరు స్పాట్‌కి వెళ్ళగానే చుట్టూ ఉన్న జనం తీర్పు చెప్పేసి ఉంటారు. వాళ్ళతో వాదించొద్దు, వాళ్ళతో కలిసి చప్పట్లూ కొట్టొద్దు. దెబ్బ ఎటువైపు తగిలిందో చూడండి. చనిపోయినవాడి పేరు అడిగి తెలుసుకోండి. దొంగకు కూడా ఒక అన్నో అమ్మో ఉంటారు, వాళ్ళకు కూర్చోవడానికి కుర్చీ వేయండి.

ఈ ఉద్యోగం నాకు చాలా ఇచ్చింది. తుపాకీ గొట్టం మీద చెయ్యి పెట్టిన అయ్యాను ఇచ్చింది. మూసిన పెన్ను మళ్ళీ తెరిచిన అరుళ్ సార్‌ని ఇచ్చింది. అన్నిటికంటే, తన ఇంటి మనిషికి శిక్ష పడుతుందని తెలిసీ నిజం చెప్పిన సరోజత్తను ఇచ్చింది. అంత ధైర్యం నేను యూనిఫారం వేసుకున్నవాళ్ళలో కూడా అరుదుగా చూశాను.

నేను రిటైరైన ఏడాది, పెద్ద మార్కెట్‌లో కూరగాయలు కొంటుంటే వెనక నుంచి "పాపా" అని పిలుపు వినబడింది. గోవిందస్వామి మామ. బాగా చిక్కిపోయాడు. విడుదలై అప్పటికి చాలా రోజులైందట. ఆయనే నా చేతిలోని సంచి తీసుకుని పక్కనున్న టీకొట్టుకు నడిచాడు.

"నా మీద కోపముందా మామా?" అడిగేశాను.

"ఉండింది. మొదట్లో సరోజ మీద కూడా ఉండింది. ప్రతి వారం వచ్చి చూసిపోతా ఉండె. నేను మాట్లాడకపోయినా వచ్చి కూర్చుంటా ఉండె." టీ ఊదుకుంటూ అన్నాడు. "ఆ కత్తి కథ నిలబడుంటే నేను ఇంట్లోనే ఉందును. సరోజ మాత్రం ఆ వంటింట్లో ఆ కత్తితోనే కూరలు తరుక్కుంటా, నా మొహం చూడకుండా బతికుండును."

టీ అయిపోయింది.

"వాడు గోడ దూకి పోయుంటే, ఈ పొద్దుకి వాడి మొహం నాకు గుర్తు కూడా ఉండేది కాదు పాపా" అన్నాడు. "నగలు దక్కినాయి గదా అని ఆ సాయంత్రమే మరిచిపోయుందును."

గ్లాసు బల్ల మీద పెట్టి, నా సంచి నాకిచ్చి లేచాడు. మా ఇంటికి రండి మామా, అన్నం తిని పోదురు అన్నాను.

"ఇంకోసారి వస్తాలే. నేను పోతేగానీ సరోజ తినదు."

బస్సు కోసం ఆయన రోడ్డు దాటుతుంటే, అవతలికి చేరేదాకా చూస్తూ నిలబడ్డాను.